వైజాగ్ నుంచి చిత్రకోట్ జలపాతానికి: ఇంటిల్లిపాదీ వెళ్ళాలంటే ఎలా ప్లాన్ చేసుకోవాలి

అరకు, బొర్రా, కటికి, చాపరాయి అన్నీ చూసేశాం, పిల్లలు పెద్దలు అందరం కలిసి ఇంకెక్కడికైనా వెళ్దాం అనుకునే వైజాగ్ వాళ్ళకి నేను మొదట చెప్పే పేరు చిత్రకోట్. ఛత్తీస్‌గఢ్‌లో బస్తర్ జిల్లా, జగదల్‌పూర్ నుంచి ఇంకో 38 కిలోమీటర్లు. మధ్యలో ఒడిశాలోని కోరాపుట్ జిల్లా దాటాలి కాబట్టి ఒకటి కాదు రెండు బోర్డర్లు. వైజాగ్ నుంచి జగదల్‌పూర్‌కి రోడ్డు మీద 300 కిలోమీటర్లు అటూ ఇటూ ఉంటుంది, అందులో ఘాట్ రోడ్డు బాగానే ఉంది కాబట్టి ఆ 300ని మన హైవే మీద 300లా లెక్కెయ్యకండి.

చాలామంది ఈ ట్రిప్‌ని రూమ్ దగ్గర్నుంచో, కారు దగ్గర్నుంచో మొదలుపెడతారు. ముందు తేల్చుకోవాల్సింది నెల. ఏ నెలలో వెళ్తున్నారో దాన్ని బట్టే మీరు చూసేది అసలు జలపాతమా, లేక బండరాయి మీద నాలుగు పాయలా అన్నది ఉంటుంది. పడేది ఇంద్రావతి నది. ఒడిశాలో కలహండి కొండల్లో పుట్టి, నబరంగ్‌పూర్ మీదుగా బస్తర్‌లోకి వచ్చి, చిత్రకోట్ దగ్గర ఒక్కసారిగా సుమారు 95 అడుగులు కిందకి దూకుతుంది. ఎత్తు చూస్తే పెద్ద గొప్పేం కాదు, కానీ వెడల్పు చూడాలి, వానాకాలంలో గుర్రపు నాడా ఆకారంలో ఈ చివర నుంచి ఆ చివరకి దాదాపు 300 మీటర్ల నీటి గోడ నిలబడినట్టు ఉంటుంది, అందుకే ఇండియా నయాగరా అంటారు. ఇదే నీళ్ళు కిందకెళ్ళి గోదావరిలో కలిసి భద్రాచలం, పాపికొండలు, రాజమండ్రి మీదుగా పోతాయి. ఈ మాట ఇంట్లో పెద్దవాళ్ళకి ముందే చెప్పండి, అక్కడికెళ్ళాక వాళ్ళు నదిని చూసే పద్ధతే మారిపోద్ది, మా ఇంట్లో అయితే ముందు నీళ్ళు నెత్తిన చల్లుకుని తర్వాతే ఫోటోలు.

ఇంక నెలల సంగతి. జూలై, ఆగస్టుల్లో నీళ్ళు విపరీతంగా ఉంటాయి, రంగు మాత్రం ఎర్రమట్టి కలిపిన టీ లాగా ఉంటుంది, తుంపర ఎంతుంటుందంటే ఎదురుగా నిలబడితే గొడుగు కూడా పనిచెయ్యదు. చూడ్డానికి భయంకరమైన అందం, కాకపోతే పడవలు ఆపేస్తారు, ఘాట్లలో కొండచరియలు జారుతుంటాయి, కేకే లైన్ (కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం) మీద కూడా పట్టాల మీద రాళ్ళు పడి రైళ్ళు క్యాన్సిల్ అవ్వడం ప్రతీ వానాకాలం వినే వార్తే. పిల్లల్ని, డెబ్భై దాటినవాళ్ళని తీసుకెళ్ళేటప్పుడు ఈ రిస్క్ వద్దు. సెప్టెంబరు ఆఖరి నుంచి నవంబరు దాకా నీళ్ళు ఇంకా నిండుగా ఉంటాయి, రంగు తేటపడి తెల్లగా మారుతుంది, పడవలు కూడా తిప్పుతుంటారు. నా ఓటు దీనికే, ఇందులో కూడా దీపావళి వెళ్ళిన తర్వాత రెండు మూడు వారాలు. డిసెంబరు జనవరిల్లో నీళ్ళు కాస్త తగ్గి పాయలుగా విడిపోతాయి కానీ చలి బాగుంటుంది, చూడ్డానికి ఏ లోటూ ఉండదు. ఫిబ్రవరి దాటితే మాత్రం దీనికోసమని అంత దూరం వెళ్ళకండి. ఎండాకాలంలో సన్నబడటానికి ఎండ ఒక్కటే కారణం కాదు, ఒడిశా బోర్డర్ దగ్గర ఇంద్రావతి నీళ్ళు చాలావరకు జోరా నాలా అనే వాగులోకి మళ్ళిపోయి శబరి నది వైపు వెళ్ళిపోతాయి, దీనిమీద రెండు రాష్ట్రాల మధ్య ఏళ్ళ తరబడి మాటలు నడుస్తూనే ఉన్నాయి. వేసవి సెలవుల్లో పిల్లలకి ఖాళీ కదా అని మే నెలలో వెళ్ళినవాళ్ళు ఉసూరుమని తిరిగొస్తారు.

దసరా సెలవుల్లో వెళ్దామా అని అడుగుతారు, నీళ్ళ పరంగా మంచి టైమే. కాకపోతే జగదల్‌పూర్‌లో బస్తర్ దసరా అని 75 రోజులు చేస్తారు, దంతేశ్వరి అమ్మవారి పండుగ, రావణ దహనం ఉండదు, పెద్ద చెక్క రథాన్ని ఊళ్ళ నుంచి వచ్చిన గిరిజనులు తాళ్ళు కట్టి లాగుతారు. ఆఖరి పది రోజులూ ఊరు కిటకిటలాడిపోతుంది, రూములు దొరకవు. ఆ రథం చూడాలని ఉంటే రెండు నెలల ముందే రూమ్ పట్టుకుని దసరాకే వెళ్ళండి, చూడదగ్గదే. జలపాతం ఒక్కటే చాలనుకుంటే కార్తీకమాసంలో ఒక శని ఆదివారాలకి ముందో వెనకో ఇంకో రోజు లీవ్ కలుపుకోండి.

రోజులు మూడు కావాలి. రెండు రోజుల్లో అయిపోద్ది అని చెప్పేవాళ్ళుంటారు, కుర్రాళ్ళు నలుగురు బైకుల మీద వెళ్తే అయిపోద్దేమో గానీ నాన్నగారి మోకాళ్ళు, చంటిదాని నిద్ర, ఘాట్‌లో వాంతులు ఇవన్నీ లెక్కేస్తే రెండు రోజుల ట్రిప్‌లో కారు సీటు తప్ప ఏం గుర్తుండదు. మొదటి రోజు ప్రయాణం చేసి సాయంత్రానికి చిత్రకోట్ చేరి రాత్రి అక్కడే పడుకోవడం, రెండో రోజు పొద్దున్న మళ్ళీ ఫాల్స్ చూసి మధ్యాహ్నానికి తీర్థగఢ్ జలపాతం చూసి రాత్రికి జగదల్‌పూర్, మూడో రోజు ఇంటికి. దంతెవాడ అమ్మవారి గుడికి కూడా వెళ్ళాలంటే నాలుగో రోజు కలపండి, మూడింట్లోనే ఇరికించొద్దు.

కారులో అయితే రెండు దారులు. ఒకటి విజయనగరం, రామభద్రపురం, సాలూరు, సుంకి ఘాట్, పొట్టంగి, సెమిలిగుడ, కోరాపుట్, జైపూర్, బొరిగుమ్మ, కోట్‌పాడ్, జగదల్‌పూర్. రెండోది ఎస్.కోట, అనంతగిరి ఘాట్, అరకు, పాడువా, నందపూర్ మీదుగా సెమిలిగుడ దగ్గర మొదటి దారిలో కలుస్తుంది. అరకు దారి అందంగా ఉంటుంది కానీ నవంబరు నుంచి జనవరి దాకా శని ఆదివారాల్లో అనంతగిరి ఘాట్ ఎక్కడమే ఒక పూట పట్టేస్తుంది, బొర్రా జంక్షన్ దగ్గర, కాఫీ తోటల దగ్గర కార్లు రోడ్డు మీదే ఆపేస్తారు. ఆ అందం మనం ఎప్పుడూ చూసేదే కదా, వెళ్ళేటప్పుడు సాలూరు దారే పట్టండి. ఇది పాత 43వ నంబర్ జాతీయ రహదారి, ఇప్పుడు 26 అంటున్నారు, లారీలు ఎక్కువ, సాలూరు అసలు లారీల ఊరే కాబట్టి ఘాట్‌లో ఒకదాని వెనక ఒకటి మూలుగుతూ ఎక్కుతుంటాయి. మలుపులో ఓవర్‌టేక్ చెయ్యొద్దని డ్రైవర్‌కి బయల్దేరే ముందే చెప్పి కూర్చోండి.

తెల్లారి అయిదింటికల్లా ఇంటి దగ్గర కదలాలి. మధురవాడ వైపు వాళ్ళకి ఆనందపురం మీదుగా విజయనగరం తేలిక, గాజువాక వాళ్ళు పెందుర్తి బైపాస్ పట్టుకుని ఆనందపురం దగ్గర కలిస్తే సిటీ ట్రాఫిక్ తప్పుతుంది. టిఫిన్ సాలూరులోనే, ఘాట్ ఎక్కకముందే కానిచ్చేయండి, కానీ పూరీలు, మసాలా దోశలు వద్దు, పిల్లలకి రెండేసి ఇడ్లీలు చాలు. కారు పడనివాళ్ళకి వాంతుల మాత్ర ఘాట్ మొదలయ్యాక వేస్తే లాభం లేదు, అరగంట ముందే, అంటే రామభద్రపురం దాటుతుండగా వేసెయ్యాలి, చిన్నపిల్లలకి ఎంత డోసో డాక్టర్‌ని అడిగి కాగితం మీద రాసిపెట్టుకోండి. కోరాపుట్‌లో ఒక గంట ఆగడం మంచిది, కొండ మీద జగన్నాథ స్వామి గుడి ఉంది, శబర శ్రీక్షేత్రం అంటారు, ఆ ఎత్తులో నవంబరులో మిట్టమధ్యాహ్నం కూడా చల్లగా ఉంటుంది, పెద్దవాళ్ళు కాళ్ళు చాపుకుంటారు. అక్కడి నుంచి జైపూర్‌కి మళ్ళీ ఘాట్ దిగాలి, ఇరవై చిల్లర కిలోమీటర్లే. భోజనం జైపూర్‌లో పెట్టుకోండి, పెద్ద ఊరు, షాపుల్లో తెలుగు అర్థమయ్యేవాళ్ళు చాలామంది, పెట్రోల్ కూడా ఇక్కడే నింపేసుకుంటే మళ్ళీ జగదల్‌పూర్ దాకా చూసుకోనక్కర్లేదు. చేనేత ఇష్టపడేవాళ్ళు ఇంట్లో ఉంటే కోట్‌పాడ్‌లో ఒక అరగంట ఉంచండి. ఆల్ చెట్టు వేరు బెరడుతో ముదురు ఎరుపు, కాఫీ గింజ రంగులు దించి నేసే బట్ట అక్కడిది, ఒడిశాలో మొట్టమొదట జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది దానికే, 2005లో. మా అత్తయ్యగారు ఆ తువ్వాలు కొంగు పట్టుకుని చాలాసేపు వేళ్ళతో నలుపుతూ కూర్చున్నారు, రంగు చేతికి అంటలేదు.

టాక్సీ మాట్లాడుకుంటే ఎల్లో బోర్డ్ బండికి ఒడిశా, ఛత్తీస్‌గఢ్ పర్మిట్ సంగతి ముందే అడగండి. ఆలిండియా టూరిస్ట్ పర్మిట్ ఉందా, లేకపోతే బోర్డర్‌లో కట్టే ట్యాక్స్ ఎవరిది, డ్రైవర్ రాత్రి బస, భోజనం ఎవరిది, ఘాట్‌కి ఎక్స్‌ట్రా ఉందా, ఈ నాలుగూ వాట్సాప్‌లో రాయించుకోండి. నోటిమాట మీద వెళ్తే సుంకి చెక్‌పోస్ట్ దగ్గర ఎండలో నిలబడి వాదించుకోవాల్సి వస్తుంది, ట్రిప్ మూడ్ అక్కడే పాడైపోద్ది. సొంత కారైతే ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ డేట్లు ఒకసారి చూసుకోండి చాలు.

రైలు సంగతి వేరే చెప్పాలి, నిజానికి మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి కారు కన్నా ఇదే సుఖం. వైజాగ్ నుంచి కిరండూల్ వెళ్ళే రైళ్ళు జగదల్‌పూర్ మీదుగానే వెళ్తాయి. పొద్దున్న బయల్దేరేది సొరంగాలన్నీ చూపిస్తూ అరకు మీదుగా సాయంత్రానికి చేరుస్తుంది, రాత్రి బయల్దేరే ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పడుకుని తెల్లారాక జగదల్‌పూర్‌లో దిగుతారు. ఈ లైను బైలదిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని మన పోర్టుకి తేవడానికి అరవైల్లో వేశారు, దారిలో శిమిలిగుడ స్టేషన్ (పైన చెప్పిన సెమిలిగుడ వేరు) సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తులో ఉంటుంది. పగటి బండి అరకు దాకా ఫుల్లుగా ఉంటుంది, అరకులో సగం బోగీ ఖాళీ అయిపోద్ది, అక్కడి నుంచి కిటికీ సీట్లన్నీ పిల్లలవే, పాడువా, మాచ్‌కుండ్ వైపు లోయలు, పసుపు పచ్చని వలిసె పూల చేలు నవంబరులో చూస్తూ వెళ్ళొచ్చు. నేనైతే వెళ్ళేటప్పుడు పగటి బండి, వచ్చేటప్పుడు రాత్రి బండి అంటాను. ఒక్కటే గుర్తుపెట్టుకోండి, బెర్తులు తక్కువ, డిమాండ్ ఎక్కువ, సీజన్లో రాత్రి బండికి ముందుగానే బుక్ చెయ్యాలి, టైమింగ్స్ బయల్దేరే వారం మళ్ళీ చూసుకోవాలి. జగదల్‌పూర్ స్టేషన్ బయట కారు దొరుకుతుంది కానీ పది మంది ఉంటే ఒక పెద్ద బండి హోటల్ వాళ్ళ ద్వారా ముందే చెప్పించుకోండి.

రూమ్ బుక్ చేసేటప్పుడు ఊరి పేరు కింద రాష్ట్రం కూడా చూసి నొక్కండి. యాప్‌లో టైప్ చేస్తే రాములవారి చిత్రకూట్ వచ్చేస్తుంది, అది మధ్యప్రదేశ్ ఉత్తరప్రదేశ్ బోర్డర్‌లో ఉంది, అలాగే జైపూర్ అంటే రాజస్థాన్ చూపిస్తుంది. చిత్రకోట్‌లో ఫాల్స్ పక్కనే ఛత్తీస్‌గఢ్ టూరిజం వాళ్ళ దండామి రిసార్ట్ ఉంది, నది వైపు కాటేజీ దొరికితే అదృష్టమే, అవి ముందు అయిపోతాయి. అక్కడ దొరక్కపోతే ట్రిప్ మానుకోవద్దు, జగదల్‌పూర్‌లో అన్ని రకాల హోటళ్ళూ ఉన్నాయి, పొద్దున్నే అయిదున్నరకి బయల్దేరితే ఎండ ఎక్కకముందే ఫాల్స్ దగ్గరుంటారు. కానీ ఒక్క రాత్రైనా అక్కడే ఉండగలిగితే ఉండండి అని గట్టిగా చెప్తాను. సాయంత్రం ఆరు తర్వాత డే టూరిస్టుల కార్లన్నీ వెళ్ళిపోతాయి, అప్పటిదాకా మైకులు, పిల్లల అరుపుల వెనక ఉన్న నీటి హోరు అప్పుడు మొత్తం ముందుకొచ్చేస్తుంది, రూమ్‌లో తలుపులేసుకున్నా నేల అదురుతున్నట్టే ఉంటుంది.

ఫాల్స్ పైన నది పక్కన బండ చదునుగా, విశాలంగా ఉంటుంది, ఇది చాలా జాగ్రత్తగా చదవండి. నీళ్ళు తగ్గిన నెలల్లో ఆ బండ మీద అంచు దాకా నడిచి వెళ్ళగలిగినట్టే ఉంటుంది, చదునుగా ఉండటం వల్ల అంచు ఎక్కడుందో దగ్గరికెళ్ళే దాకా కంటికి తెలీదు. పైగా ఎండిన చోట నల్లగా, తడి ఉన్న చోట సన్నటి ఆకుపచ్చ పాచి, దాని మీద అరిగిపోయిన హవాయి చెప్పులు వేసుకుని కాలు పెడితే సబ్బు మీద పెట్టినట్టే. అందరికీ వెనక పట్టీ ఉన్న, అడుగు గట్టిగా పట్టే చెప్పులు తీసుకెళ్ళండి, పదేళ్ళలోపు పిల్లకి ఒక పెద్ద మనిషి చెయ్యి అని ఇంటి దగ్గరే పంచేసుకోండి. బావగారు చూస్తారులే, పిన్ని చూస్తుందిలే అనుకుంటే ఎవరూ చూడరు. సెల్ఫీ కోసం అంచు వైపు వెనక్కి నడవడం పూర్తిగా బంద్.

కిందకి మెట్లు దిగితే పడవలు. స్థానిక జాలర్లు తెడ్లతో నడిపేవి, లైఫ్ జాకెట్ వేసే ఎక్కిస్తారు, జాకెట్ బకిల్ మీరే లాగి చూసుకోండి, పిల్లల సైజు ఉందా అని అడగండి, లేకపోతే ఆ పిల్లని ఎక్కించొద్దు. పడవ నీళ్ళు పడే చోటికి దగ్గరగా వెళ్ళేసరికి తుంపరకి అందరూ తడిసిపోతారు, ఫోన్లకి జిప్ కవర్లు, ఒక జత పొడి బట్టలు కారులోనే ఉంచండి. ఎండ పడే వేళకి ఆ తుంపరలో ఇంద్రధనుస్సు కనపడుతుంది, పడవలోంచి చూస్తే మరీ దగ్గరగా. మెట్లు దిగలేని అమ్మమ్మ తాతయ్యలకి పైన వ్యూ పాయింట్ నుంచే గుర్రపు నాడా మొత్తం కనపడుతుంది, వాళ్ళేం కోల్పోరు, పక్కన ఒకళ్ళు తోడుంటే చాలు.

తీర్థగఢ్ జగదల్‌పూర్‌కి ఇంకో వైపు, సుమారు 35 కిలోమీటర్లు, కాంగేర్ లోయ నేషనల్ పార్క్‌లో. ఇది దాదాపు 300 అడుగులు, చిత్రకోట్‌లా ఒక్క దూకుడు కాదు, మెట్టు మెట్టుగా పాల నురగలా జారుతుంది. కిందదాకా దిగాలంటే మెట్లు చాలా ఉన్నాయి, దిగినంత సులువు కాదు ఎక్కడం, మోకాళ్ళ వాళ్ళని పైనే కూర్చోబెట్టండి. కోతులు విపరీతం, చేతిలో చిప్స్ ప్యాకెట్, ప్లాస్టిక్ కవర్ కనపడితే లాగేస్తాయి, తిండి అంతా బ్యాగు జిప్పులో. ఆ దగ్గర్లోనే కుటుమ్‌సర్ గుహలు, లోపల చీకట్లో బతికే గుడ్డి చేపలున్నాయి, వానాకాలమంతా నీళ్ళు చేరడం వల్ల మూసేసి నవంబరు ప్రాంతంలో తెరుస్తారు. దిగే దారి ఇరుకు, లోపల ఉక్క, గాలి తక్కువ, ఉబ్బసం, బీపీ ఉన్నవాళ్ళు వద్దు. బొర్రా గుహల్లా విశాలంగా ఉంటుందనుకుని వెళ్ళకండి. పదేళ్ళు దాటిన పిల్లలకైతే బాగా నచ్చుతుంది.

నాలుగో రోజు ఉన్నవాళ్ళు దంతెవాడ వెళ్ళండి, జగదల్‌పూర్ నుంచి 85 కిలోమీటర్ల దాకా ఉంటుంది. శంఖిని, డంకిని నదులు కలిసే చోట దంతేశ్వరి అమ్మవారు. ఓరుగల్లు పడిపోయాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు ఇటు వచ్చి రాజ్యం పెట్టాడని, అమ్మవారు ఆయన వెంట నడిచొచ్చిందని బస్తర్‌లో చెప్తారు, అంటే ఒకరకంగా మన అమ్మవారే. గుడి లోపలికి మగవాళ్ళు ప్యాంటుతో వెళ్ళకూడదు, ఒక పంచె పెట్టుకోండి.

బస్తర్ అంటే ఉండే నక్సల్స్ భయం సంగతి కూడా చెప్పాలి, ఇంట్లో ఎవరో ఒకరు అడుగుతారు. జగదల్‌పూర్, చిత్రకోట్, తీర్థగఢ్ మామూలుగా టూరిస్టులు తిరిగే చోట్లే. పగలే ప్రయాణం చెయ్యండి, మెయిన్ రోడ్డు వదిలి మ్యాప్ చూపించిన అడవి అడ్డదారులు పట్టొద్దు, అందరి దగ్గరా ఆధార్ ఉంచండి, పోలీసులు ఆపితే ఎక్కడి నుంచి ఎక్కడికో నిదానంగా చెప్పండి. ఊళ్ళలో, సంతల్లో గిరిజనుల ఫోటోలు అడక్కుండా తియ్యొద్దు. నిజంగా జాగ్రత్త పడాల్సింది దోమల గురించి. కోరాపుట్, బస్తర్ రెండూ మలేరియా ఉన్న ప్రాంతాలే, సాయంత్రం అయ్యేసరికి పిల్లలకి ఫుల్ చేతుల చొక్కాలు, కాళ్ళకి దోమల క్రీము, వచ్చిన రెండు మూడు వారాల్లో ఎవరికైనా చలిజ్వరం వస్తే డాక్టర్‌కి బస్తర్ వెళ్ళొచ్చామని తప్పకుండా చెప్పాలి.

తిండి గురించి బెంగ వద్దు, ఒడిశా వైపు పొద్దున్న వడా ఘుగుని (బఠాణీ కూర), జగదల్‌పూర్‌లో పోహా, జిలేబీ దొరుకుతాయి, అన్నం పప్పు ఎక్కడైనా ఉంటుంది, పెరుగు మాత్రం పెద్దవాళ్ళకి అలవాటైనట్టు ఉండదు. మొదటి రోజుకి ఇంటి నుంచి పులిహోర, చపాతీ, నిమ్మకాయ పచ్చడి పట్టుకెళ్ళండి. సంతలో ఎర్రచీమలతో చేసే చాప్డా చట్నీ అమ్ముతారు, పుల్లగా కారంగా ఉంటుంది, ఆసక్తి ఉన్నవాళ్ళు రుచి చూడొచ్చు. ఘాట్లలో సిగ్నల్ పోతుంటుంది, టికెట్లకి, పార్కింగ్‌కి, పడవకి ఫోన్ పే మీద ఆధారపడకుండా చిన్న నోట్లు ఉంచుకోండి, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. బీపీ, షుగర్ మాత్రలు రెండు రోజులకి ఎక్కువే పెట్టుకుని, లగేజీలో కాకుండా చేతి సంచిలో వెయ్యండి.

తిరుగు ప్రయాణంలో ఆశపడి ఇంకో చోటు కలపొద్దు. సుంకి నుంచి సాలూరు దిగే ఘాట్ వెలుతురుండగానే దాటెయ్యాలి, చలికాలంలో అక్కడ చీకటి తొందరగా పడుతుంది, పొట్టంగి వైపు మంచు కూడా దిగుతుంది. జగదల్‌పూర్‌లో తొమ్మిదిలోపు కదిలితే జైపూర్‌లోనో కోరాపుట్‌లోనో భోంచేసి మూడు నాలుగింటికల్లా సాలూరులో టీ తాగుతారు, అక్కడి నుంచి విజయనగరం మీదుగా రాత్రి భోజనం టైముకి వైజాగ్ వచ్చేస్తారు.